మంచె మీద లగడు పిల్ల

మా ఇళ్లలో ఎవరూ మూగగా మేత వెయ్యరు. కోళ్లకు గింజలు చల్లాలంటే ముందు నోటితో "బో... బో... బో..." అనాలి, ఆ తర్వాతే చెయ్యి కదలాలి. కుక్కకు ఒక పిలుపు, లేగదూడకు ఒక పిలుపు, మేకపిల్లకు ఇంకొకటి. నాకు మాటలు రాకముందే కోళ్ల పిలుపు వచ్చిందని మా అమ్మ చుట్టాలందరికీ చెప్పుకునేది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పోయిన వేసవిలో ఒక డేగ పిల్ల బతుకు ఈ అలవాటు దగ్గరికి వచ్చి చిక్కుకుంది. చిక్కు వేసింది నేనే. విప్పిందీ నేనే, ఆ సంగతి కూడా గర్వంగానే చెప్తాను.

మాది ఆలూరు. ఊరు దాటాక గుట్ట కింద మాకు కొంచెం బీడు ఉంది. దాని అంచున ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు. షెడ్డులో నేను కౌజు పిట్టల్ని పెంచుతాను. పద్దెనిమిది రోజులకు గుడ్డు పగులుతుంది, అయిదు వారాలకు పిట్ట చేతికొస్తుంది. చేవెళ్లలో, మొయినాబాద్‌లో రోడ్డు పక్క హోటళ్లకు మా ఆయన బండి మీద ఇచ్చి వస్తాడు. ఆయన మాట పొదుపు మనిషి. ఆ పొదుపంతా నేను ఖర్చు పెడతానని మా అత్త అంటుంది. నిజమే, నా నోట్లో నువ్వుగింజ నానదు. షెడ్డులో ఒక్కదాన్నే ఉన్నా పిట్టలతో మాట్లాడుతూనే ఉంటాను, తిండి సరిగ్గా తినని వాటిని పేరుపేరునా తిడుతూనే ఉంటాను.

డేగ అంటే మాత్రం నాకు ఒళ్లు మండేది. షెడ్డు పక్కన కట్టిన తీగల జాలీ మీద వాలిందంటే లోపల పిట్టలు బెదిరి ఒకదాని మీద ఒకటి పడి చచ్చేవి. అది తినేది ఏమీ ఉండదు, నాకు నష్టం మాత్రం నిండా ఉంటుంది. డేగ నీడ కనపడితే చాలు, రేకు డబ్బా పట్టుకుని షెడ్డు చుట్టూ మోగించుకుంటూ తిరిగేదాన్ని.

అలాంటి నా దగ్గరికి మార్చి చివర్లో ఒకామె స్కూటీ మీద వచ్చింది. పిట్టల డాక్టరు. ముప్పై దాటి ఉంటాయి, ఎండకు ముఖం కమిలిపోయి ఉంది. స్కూటీ ముందు కాళ్ల దగ్గర ఒక అట్టపెట్టె పెట్టుకుంది.

"అక్కా, రోజుకు రెండు కౌజులు కావాలె. శుభ్రం చేసినయి గాదు, ఈకలతోనే కావాలె," అన్నది.

"ఈకలతోని ఎవలు తింటరమ్మా?"

ఆమె అట్టపెట్టె మూత తీసింది. లోపల ఒక పిల్ల. సగం తెల్లటి నూగు, సగం ముదురు గోధుమరంగు ఈకలు. కాళ్లు నీలి బూడిద రంగు, కంటి కింద మీసం దిద్దినట్టు నల్లటి గీత. నన్ను చూడగానే అది వెల్లకిలా పడి రెండు కాళ్లూ పైకెత్తి, గోళ్లు చాచి బుసకొట్టింది. లేచి నిలబడటం కూడా సరిగ్గా రాదు దానికి, నన్ను చీరేస్తానంటోంది. అంత పొగరు చూసి నాకు లోపల నవ్వొచ్చింది. ఇది నాలాంటిదే అనుకున్నాను.

మా అత్త మంచం మీద నుంచి లేచి వచ్చి తొంగి చూసింది. "అయ్యో, లగడే ఇది. మా బాపు ఈ బీళ్లల్ల చూపెట్టేటోడు. ఎన్నేండ్లాయె దీన్ని చూసి," అన్నది.

డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ పేరు ఆమె పుస్తకంలో చదివిందే తప్ప మనిషి నోట వినడం అదే మొదటిసారట. లగడు ఎండిన నేలల డేగ అని చెప్పింది. రాళ్ల బీడు, ముళ్లపొదలు, ఎడారి, అదీ దాని రాజ్యం. గూడు కట్టే ఓపిక లేక కాకుల పాత గూళ్లలో గుడ్లు పెడుతుంది. ఒకప్పుడు దేశమంతా ఉండేవి. పెద్ద డేగల్ని పట్టేవాళ్లు వీటిని ఎరగా కట్టేవాళ్లట. తర్వాత చేలల్లో ఎలుకల మందు వచ్చింది, బీళ్లన్నీ ప్లాట్లయ్యాయి. ఇప్పుడు రాజస్థాన్ ఎడారిలో కూడా వెతుక్కోవాల్సిందే. ఈ పిల్ల గూడు కొండకల్ దిక్కు పోయే పెద్ద కరెంటు లైను టవరు మీద ఉండేది. గాలిదుమారానికి గూడు కింద పడింది. మూడు పిల్లల్లో రెండు చచ్చాయి. టవరు మీదికి మనిషి ఎక్కే వీల్లేదు. డాక్టరమ్మే దగ్గర చెట్టుకు గంప కట్టి ఈ పిల్లను అందులో పెట్టి, రెండు రోజులు దూరంగా కూర్చుని చూసింది. తల్లీ రాలేదు, తండ్రీ రాలేదు.

"డేగకు నా పిట్టలా? దొంగ చేతికి తాళాలిచ్చినట్టే ఉంటది," అన్నాను.

అంటూనే షెడ్డులోకి వెళ్లి మెడ తిప్పి చంపిన కౌజు తెచ్చి ఇచ్చాను. ఆమె చిన్న ముక్కలు చేసి సన్న పటకారుతో పెట్టింది. పిల్ల ముక్క ముక్కకూ మమ్మల్నందర్నీ కోపంగా చూస్తూ, ఈకల్తో సహా మింగింది. ముప్పై ఏళ్లుగా పిట్టలకు మేత పెడుతున్నాను గానీ తిండిని అంత కక్షగా తిన్నదాన్ని అప్పటిదాకా చూడలేదు.

డాక్టరమ్మకు కౌజులే కాదు, చోటు కూడా కావాల్సి వచ్చింది. ఎత్తుగా ఉండాలి, చుట్టూ బీడు కనపడాలి, మనుషుల రాకపోకలు ఉండొద్దు. ఆమె మాట్లాడుతూనే మా బీడు నడుమ నిలబడి ఉన్న మంచె వైపు చూసింది. నాలుగు రాతి కూసాలు, వాటి మీద చెక్కలు. మా మామ జొన్న వేసిన రోజుల్లో కట్టింది. నేను కొత్త కోడలిగా వచ్చిన రెండేళ్లు దాని మీద కూర్చుని ఒడిసెలతో పిట్టల్ని తోలాను. తాడు నడుమ రాయి పెట్టి తిప్పి వదిలితే చేనుకు ఆ కొస దాకా పోయేది. ఊళ్లో ఆడవాళ్లలో నా ఒడిసెలకు పేరుండేది. జొన్న పోయాక మంచె ఊరికే మిగిలిపోయింది.

"పిట్టల్ని కొట్టే మంచె మీద పిట్టను సాదుతరా? మీ మామ ఉంటే కడుపు పగలంగ నవ్వేటోడు," అన్నది మా అత్త.

డాక్టరమ్మ ఫారెస్టు వాళ్ల దగ్గర అనుమతి కాగితం తెచ్చింది. మా ఆయన రెండు రోజులు కూర్చుని చెక్కల పెట్టె చేసి మంచె మీద బిగించాడు. మూడు వైపులా మూసి ఉంటుంది. ముందు వైపు ఊచలు, అక్కడి నుంచి పిల్లకు బీడు, గుట్ట, ఆకాశం కనపడతాయి. వెనక నుంచి బోరు పైపు ముక్క ఒకటి లోపలికి వంచాడు. నేను వెనక నిచ్చెన మీద నుంచి ఎక్కి, పైపులో కౌజును జారవిడవాలి. పిల్లకు మేత కనపడాలి గానీ మేత వేసిన చెయ్యి కనపడొద్దు.

ఈ పద్ధతి ఆమె ఎడారిలో నేర్చుకుంది. రాజస్థాన్ దిక్కు డేగల్ని పెంచి విడిచే చోట రెండేళ్లు పనిచేసిందట. అక్కడ డేగల్ని జత కట్టిస్తారు, గుడ్లను మిషన్లో పొదిగిస్తారు. మిషన్ మాట రాగానే నేను పట్టుకున్నాను. వేడి ఎంత, తడి ఎంత, రోజుకు ఎన్నిసార్లు తిప్పుతారు, అన్నీ అడిగాను. నా మిషనూ వాళ్ల మిషనూ ఇంచుమించు ఒకటే. నాకు పద్దెనిమిది రోజులు, డేగకు నెల దాటాలి, అంతే తేడా. ఎక్కడో ఇసుకలో ఎవరో నాలాగే లైటు ముందు గుడ్డు పట్టి చూస్తున్నారంటే నాకు ఎంత హుషారు వచ్చిందో చెప్పలేను. ఆ రోజు నుంచి డాక్టరమ్మ నాకు చెల్లె అయింది.

"అక్కడ మేత పెట్టేటోళ్లు డేగ తల లెక్క కుట్టిన తొడుగు చేతికి వేసుకుంటరు అక్కా. ముఖం కనపడొద్దు, గొంతు ఇనపడొద్దు," అన్నది.

"ఇనపడితే ఏమైతది?"

"మనిషే తల్లి అనుకుంటది. ఒక పిల్ల గట్లనే మరిగింది. విడిచినంక ఎవలు పిలిచినా పోయి పక్కన వాలేది. ఎవడో పట్టుకపోయిండు. మనిషిని నమ్మిన డేగకు ఆయుష్షు తక్కువ."

తర్వాత కాగితంలో ఉన్న షరతు చదివి చెప్పింది. వానలు పడేలోగా పిల్ల సొంతంగా వేటాడి మనిషికి దూరంగా మసలాలి. లేదంటే పట్టి బోనులో పెట్టాలి. ఒకసారి పెడితే ఇక చచ్చేదాకా బోనే. పది అడుగుల బోను, పైన జాలీ. నాకు జాలీ వెనక ఉండే పిట్టల బతుకు బాగా తెలుసు.

"ఒక్క మాట మాట్లాడొద్దు అక్కా. నీకు కష్టమైతే చెప్పు, వేరే చోటు చూసుకుంట."

అంత మాట అన్నాక నాకు రోషం రాకుండా ఉంటుందా. "నా పిట్టల మీద ఒట్టు. మాట బయటికొస్తే నన్నడుగు," అన్నాను.

తొమ్మిది రోజులు పొద్దున, సాయంత్రం మంచె ఎక్కాను. ఒక్క మాట మాట్లాడలేదు. పైపు పక్క చిన్న సందులోంచి ఒంటి కన్నుతో చూసేదాన్ని. నూగు రోజురోజుకూ రాలిపోతోంది, ఈకలు కత్తుల్లా దిగుతున్నాయి. అది ఊచల ముందు నిలబడి రెక్కలు దబదబా కొట్టుకుంటుంటే మంచె చెక్కలు అదిరేవి. ఆ అదురు నా కాళ్లకు తగిలేది. దిగి వచ్చాక పట్టలేక మా అత్తకు గంట సేపు చెప్పేదాన్ని. ఆమె వింటూ వింటూ నిద్రపోయేది.

పదో రోజు డాక్టరమ్మ పెట్టెలో పెట్టిన చిన్న కెమెరా తీసుకుని మా ఇంటికి వచ్చింది. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టి చూస్తోంది. చూసిన కొద్దీ ఆమె ముఖం మారిపోయింది.

"అక్కా, కౌజు పడకముందే ఇది పైపు దిక్కు తిరుగుతున్నది. రోజూ గిట్లనే. నువ్వేమన్నా అంటున్నవా?"

"ఒట్టు పెట్టిన గద. ఒక్క మాట అనలే."

ఆమె చప్పుడు పెంచింది. నిచ్చెన కిరకిర వినపడింది. గాలి వినపడింది. తర్వాత మెల్లగా, ముద్దుగా, నా గొంతు.

"బో... బో... బో..."

పిల్ల గిరుక్కున తిరిగి పైపు కింద నోరు తెరిచింది. అప్పుడు పడింది కౌజు.

మళ్లీ పెట్టించుకుని విన్నాను. దేవుడి తోడు, నేను అన్నట్టు నాకు తెలియదు. "నేను మాట్లాడలే చెల్లె, మేత వేసిన," అన్నాను. మాకు అది మాట కాదు. చేతిలో మేత ఉంటే నోట్లో పిలుపు ఉంటుంది, రెండూ కలిసే పుట్టాయి. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా అన్నీ చూశాం, ఒక్క పూట కూడా తప్పలేదు. పద్దెనిమిది పూటలు నేను ఆ పిల్లకు మనిషి గొంతు నేర్పాను.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "మీ ఆయనను ఎక్కమను," అని మాత్రం అన్నది.

మా ఆయన ఎక్కాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ, ఆయనకేం ఢోకా అనుకున్నాం. రెండు రోజుల తర్వాత కెమెరా తీసి చూస్తే ఆయన గొంతు నాకన్నా గట్టిగా వినపడింది. ఆయనకూ తెలియదు. నాకు అంత దిగులులోనూ నవ్వు ఆగలేదు. ఇంక ఊళ్లో ఎవరిని ఎక్కించినా అంతే కదా.

మా అత్త విసుక్కుంది. "నోట్ల నీళ్లు పోసుకుని ఎక్కున్రి, పీడ పోతది."

ఆమె వెటకారంగానే అన్నది. నేను లేచి చెంబు అందుకున్నాను.

ఆ సాయంత్రం బుగ్గలు నిండా నీళ్లు పట్టుకుని నిచ్చెన ఎక్కాను. చెయ్యి పైపు దగ్గరికి పోగానే పెదవులు వాటంతట అవే విచ్చుకోబోయాయి. నీళ్లు గడ్డం మీదికి కారాయి. గబుక్కున మూశాను. అప్పుడు తెలిసింది ఆ పిలుపు ఎంత లోపలి నుంచి వస్తుందో. నాలుగు రోజులు రవిక తడుపుకున్నాను. అయిదో రోజుకు చుక్క జారకుండా కౌజు జారవిడిచి, దిగి వచ్చి, డాక్టరమ్మ ముందు పుక్కిలించి ఉమ్మి చూపించాను. ఆమె పడీ పడీ నవ్వింది. ఎడారిలో వాళ్లకు ఈ ఉపాయం రాసి పంపుతానన్నది.

ఏప్రిల్ నడుమ ఒక తెల్లవారి ఊచల తలుపు తీశాం. తలుపుకు తాడు కట్టి మా షెడ్డు దాకా లాగాం, దగ్గర ఎవరూ ఉండకుండా. తాడు లాగే పని నాకు ఇచ్చింది. డాక్టరమ్మ దుర్భిణి పట్టుకుంది. తలుపు లేచింది. పిల్ల బయటికి రాలేదు. పావుగంట అయింది. తర్వాత తల బయటపెట్టింది, మంచె అంచుకు నడిచింది, కిందికి చూసింది, మళ్లీ లోపలికి పోయింది. నేను నోట్లో నీళ్లు లేకపోయినా పెదవులు బిగించుకునే ఉన్నాను.

రెండోసారి వచ్చినప్పుడు ఆగలేదు. అంచు మీద రెక్కలు కొట్టుకుంటుంటే గాలి దాన్ని ఎత్తుకుపోయింది. ఎగిరిందనడం కంటే పడకుండా పోయిందనాలి. బీడు మీద అడ్డదిడ్డంగా ఊగుతూ, తుమ్మ పొదకు తగలబోయి తప్పించుకుని, గుట్ట మీద బండ పైన బోర్లా వాలింది. వాలి, లేచి, ఈకలు దులుపుకుని, ఏమీ జరగనట్టు చుట్టూ చూసింది. నేను డాక్టరమ్మను గట్టిగా కావలించుకున్నాను. దుర్భిణి ఇద్దరి నడుమ ఇరుక్కుని నా రొమ్ముకు గుచ్చుకుంది. నాకు ముగ్గురు పిల్లలు. వాళ్లు మొదటి అడుగు వేసినప్పుడు కూడా నాకు ఇంత ఊపిరాడకుండా కాలేదు, వాళ్లు విన్నా సరే చెప్తాను.

పది రోజులు మంచె మీద కౌజు పెడుతూ వచ్చాం. మొదట తూనీగల్ని పట్టింది. తర్వాత తొండల్ని. ఒకరోజు పిచ్చుకంత పిట్ట వెనక పడి, అది పొదలోకి దూరితే తానూ దూరి, ముళ్లలోంచి చిందరవందరగా బయటికొచ్చింది. డాక్టరమ్మ మేత తగ్గించింది. రోజు విడిచి రోజు, తర్వాత రెండు రోజులకోసారి. అన్నీ సవ్యంగా పోతున్నాయి.

మే మొదట్లో ఒక ఉదయం వాకిట్లో కోళ్లకు గింజలు చల్లుతున్నాను. ఎప్పటిలా పిలుస్తున్నాను. కోళ్లు ఉరుకొచ్చినవి ఉరుకొచ్చినట్టే ఒక్కసారి చెల్లాచెదురై గంపల కిందికి దూరాయి. తలెత్తి చూశాను. పది అడుగుల దూరంలో, బావి మోటారు గది గోడ మీద లగడు పిల్ల. నన్నే చూస్తోంది. కోళ్ల వంక కన్నెత్తి చూడలేదు. నా చేతి వంక చూసి, తల ఒక పక్కకు వంచి, నోరు తెరిచి, చిన్నప్పటిలా కీచుమంది.

దాచడమెందుకు, నాకు పట్టలేని సంతోషం వేసింది. ఆకాశంలో తిరిగేది నా గొంతు గుర్తుపట్టి నా గోడ మీద వాలింది. ఊళ్లో ఎవరికుంది అంత భాగ్యం. చెయ్యి చాచితే వస్తుందేమో అనిపించింది. షెడ్డులోకి పోయి ఒక కౌజు తెచ్చిస్తే ఎవరికి తెలుస్తుంది అని కూడా అనిపించింది. రోజూ పొద్దున ఒక్కసారి వచ్చిపోతుంది, అంతే కదా. ఆ తర్వాత బోను గుర్తొచ్చింది. ఆలూరులో నేనొక్కదాన్నే కాదు, ఇంటింటా అదే పిలుపు. ఏ వాకిట్లో వాలితే ఏమవుతుంది. కోడిపిల్లలున్న ఇంట్లో అయితే కర్ర లేస్తుంది. ఆశ ఉన్నవాడి చేతిలో పడితే వల.

నేను అక్కడే నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నాను. అది చూసి చూసి ఎగిరిపోయింది. డాక్టరమ్మకు ఫోన్ చేసేదాకా నాకు అన్నం దిగలేదు.

ఆమె మధ్యాహ్నానికి వచ్చింది. చెప్పింది విని మోటారు గది దాకా నడిచి, అది వాలిన గోడ చూసి వచ్చింది. "రెండే దార్లున్నయి అక్కా. ఇప్పుడే పట్టి బోనుకు పంపుడు. లేకుంటే ఆ పిలుపంటే దానికి భయం పుట్టాలె. అది ఇనపడితే రాళ్లు పడ్తయని తెల్వాలె."

"రాళ్లెవలు ఏస్తరు?"

"పిలిచినోళ్లే ఏయాలె. తగలొద్దు, ఈక గూడ ఊడొద్దు. పక్కపొంటి పోవాలె."

మా అత్త లోపలికి వెళ్లి అటక మీద నుంచి ఒడిసెల తెచ్చి నా ఒళ్లో వేసింది. తాడు బిరుసెక్కింది. నూనె రాసి మెత్తగా చేశాను. ఒడిసెల పట్టి ఎన్నేళ్లయిందో. మంచె కూసం మీద రంగు డబ్బా పెట్టి సాయంత్రం దాకా కొట్టాను. మొదటి రాయి మా షెడ్డు రేకు మీద పడింది. కౌజులు గోల గోల. డాక్టరమ్మ చెట్టు చాటుకు పోయింది. చీకటి పడేసరికి చెయ్యికి పాత లెక్క తెలిసొచ్చింది. డబ్బాకు బెత్తెడు కుడికి, బెత్తెడు ఎడమకు, అనుకున్న చోట వేయగలిగాను. డాక్టరమ్మ కళ్లు పెద్దవి చేసి చూస్తుంటే, నిజం చెప్పొద్దూ, నాకు గర్వంతో మెడ నిక్కింది.

మర్నాడు పొద్దున కోళ్లను గంపల కింద కమ్మేసి వాకిట్లో నిలబడ్డాను. చేతిలో గింజలు లేవు. ఒడిసెలలో రాయి ఉంది. పిలిచాను.

వచ్చింది. గుట్ట వైపు నుంచి నేల మీదుగా దూసుకొచ్చి, అదే గోడ మీద వాలింది. నోరు తెరిచి నన్ను చూసింది. నా చెయ్యి లేవలేదు. పిలిచి అన్నం పెట్టిన ఇల్లు మాది, పిలిచి కొట్టిన ఇల్లు కాదు. పిలిచి కొడితే పాపమని మా అమ్మ చెప్పేది. ఒక్క క్షణం అమ్మ మాట వినాలా, చెల్లె మాట వినాలా అని ఊగిసలాడాను. మళ్లీ ఒకసారి "బో... బో..." అన్నాను. ఒడిసెల తిప్పి వదిలాను. రాయి దాని పక్కన గోడకు తగిలి పెంకు లేచింది. మా ఆయన షెడ్డు చాటు నుంచి రేకు డబ్బా దడదడ వాయించాడు. పిల్ల అరుచుకుంటూ గాల్లోకి లేచి, తిరిగి నన్ను చూసింది. అది నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రెండో రాయి పెట్టాను.

మూడు రోజులు ఇదే పని. రెండో రోజు గోడ మీదికి రాలేదు, కరెంటు స్తంభం మీద కూర్చుంది. స్తంభం పక్కగా రాయి పోయింది. మూడో రోజు దూరంగా ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయింది. గంపల కింద ఉన్న నా కోళ్లకు కూడా పాఠం బాగా ఎక్కింది. ఆ తర్వాత నెల రోజులు నేను పిలిస్తే ఒక్క కోడి కూడా దగ్గరికి రాలేదు, పిలుపు వినగానే గంప కిందికి ఉరికేవి. ఊరంతా నవ్వింది. నవ్వనీ అనుకున్నాను.

జూన్‌లో తొలకరి మబ్బు పట్టింది. కాగితం గడువు దగ్గరపడింది. డాక్టరమ్మ పొద్దున్నే వచ్చింది. మంచె మీద మేత ఆపి అప్పటికి రెండు వారాలైంది. పిల్ల పావురాయిని పట్టడం ఆమె రెండుసార్లు కళ్లారా చూసింది. మిగిలింది ఒక్కటే.

"ఇయ్యాల ఒకసారి పిలువు అక్కా. చేతిల ఒడిసెల వద్దు. వస్తే నేను వల తేవాలె. రాకుంటే కాయితం మీద సంతకం పెడ్త."

బీడు నడుమ మంచె దగ్గర నిలబడ్డాం. తడి గాలి వీస్తోంది. లగడు దూరంగా స్తంభం మీద ఉంది. ఇప్పుడు దాన్ని పిల్ల అనడానికి లేదు, నిండు డేగలా కూర్చుంది. బతుకంతా ఎవర్ని పిలిచినా రావాలనే పిలిచాను. రావొద్దని మొక్కుకుంటూ పిలవడం ఎట్లాగో నాకు తెలియదు. అయినా ఉన్నంత గొంతు పెట్టి పిలిచాను.

"బో... బో... బో..."

అది తల తిప్పింది. చూసింది. నన్ను గుర్తుపట్టింది, అది నాకు కచ్చితంగా తెలుసు. డాక్టరమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. రెండోసారి పిలిచాను. లగడు స్తంభం మీద నుంచి అవతలి వైపుకు జారింది. రెక్కలు ముడిచి, నేలకు దగ్గరగా, గుట్ట వెంబడి పోతున్న పావురాళ్ల గుంపులోకి దూసుకుపోయింది. గాల్లో ఈకలు చెదిరాయి. కాళ్ల కింద బరువుతో అది గుట్ట దాటి అవతలికి పోయింది. ఎంత సేపు చూసినా మళ్లీ ఇటు రాలేదు.

నేను పిలిస్తే రానందుకు నేను ఎగిరి గంతేసిన రోజు అదొక్కటే. ఇద్దరం చేతులు పట్టుకుని బీడులో పిచ్చివాళ్లలా తిరిగాం. వాన మొదలైతే కాగితం తడవకుండా రవికలో దాచుకుని ఇంటికి ఉరికాం, మా ఇంట్లో మంచం మీదే ఆమె సంతకం పెట్టింది.

నా కోళ్లకు భయం పోయి చాలా నెలలైంది. ఇప్పుడు పిలిస్తే వస్తాయి. కానీ నేను పిలవను. అది గుట్ట అవతల ఎక్కడో ఉంటుంది, గాలి అటు వీస్తే నా గొంతు పోతుంది. ఒకవేళ ఆ పిలుపును మరిచిపోయి ఉంటే గుర్తు చెయ్యడం ఎందుకు. అందుకని పొద్దున్నే చెంబెడు నీళ్లు ముందర పెట్టుకుంటాను, బుగ్గలు నిండా పట్టుకుంటాను, గింజలు చల్లుతాను. కోళ్లన్నీ తిన్నాకే ఉమ్ముతాను.